కాలవలో నీరు - ఒంట్లో నెత్తురు

దివిసీమలో ఒక ఊరు. కార్తీక పౌర్ణమి దగ్గర పడింది. ఆడవాళ్లంతా బందరు ప్రయాణం కట్టారు. మంగినపూడిలో సముద్ర స్నానం చేయాలి. చిలకలపూడిలో పాండురంగస్వామిని చూడాలి.

ఒక ఇల్లాలికి బెంగ పట్టుకుంది. ఆమె బయట చేరే రోజు అదే. "మందుల షాపులో మాత్ర దొరుకుతుంది. వేసుకుంటే ముట్టు వెనక్కి పోతుంది" అంది తోడికోడలు.

ఇల్లాలు షాపుకి బయలుదేరింది. దారిలో నర్సమ్మ ఎదురైంది. సంగతి విన్నది.

"ఆగమ్మా! అది పిప్పరమెంటు బిళ్ల కాదు. హార్మోను మాత్ర" అంది నర్సమ్మ.

"హార్మోను అంటే ఏంటండీ?"

"అది మన ఒంట్లోనే తయారవుతుంది. నెత్తురులో తిరుగుతుంది. ముట్టు రావడం, కడుపు నిలవడం దాని పనే. మాలా-ఎన్ మాత్రలో ఉండేవీ హార్మోన్లే. ముట్లుడిగినవారికి ఒంటి ఆవిర్లు తగ్గడానికి ఇచ్చేవీ హార్మోన్లే."

"మరి భయం దేనికి?"

"కాలవ గట్టు నున్నగా ఉంటే నీరు సాగుతుంది. గుర్రపు డెక్క అల్లుకుంటే ఆగుతుంది. రక్తనాళం లోపల కూడా నున్నటి కణాల పొర ఉంటుంది. నెత్తురు గడ్డ కట్టకుండా అది కాపాడుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఈ కణాలకు కొంత మేలు కూడా చేస్తుంది. నాళాన్ని సడలిస్తుంది. కాని మాత్రగా మింగితే అది కాలేయానికి చేరుతుంది. అప్పుడు కాలేయం గడ్డ కట్టించే పదార్థాలను ఎక్కువ చేస్తుంది. గడ్డను ఆపేవి తగ్గుతాయి. ముట్టును వాయిదా వేసే మాత్రలో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది."

నర్సమ్మ మళ్లీ అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా కాలు వాచిందా?"

"మా అమ్మకు వాచిందండీ. బాలింతగా ఉన్నప్పుడు. గుడివాడ తీసుకెళ్లారు. నెత్తురు గడ్డ కట్టిందన్నారు."

"అయితే డాక్టరు చూడకుండా నువ్వు ఈ మాత్ర వేసుకోకూడదు. గడ్డ పిక్కలో పుడుతుంది. ఊడి ఊపిరితిత్తుల్లో పడితే ప్రాణం మీదికి వస్తుంది."

ఇల్లాలు ఆలోచించింది. పౌర్ణమి పోయినా కార్తీకం ఇంకా పదిహేను రోజులుంది. తర్వాతి వారం బందరు వెళ్లి వచ్చింది.

తెలుసుకుందాం

2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశీలన ఫలితం వచ్చింది. ముట్లుడిగిన 16 వేల మందికి పైగా స్త్రీలు అందులో ఉన్నారు. హార్మోను లేని ఉత్త మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి 10,000 మందికి 16 మందికి గడ్డ కట్టింది. హార్మోను మాత్ర వేసుకున్నవారిలో 34 మందికి కట్టింది. అంటే ప్రమాదం రెట్టింపు. అయినా ఎక్కువ మందికి ఏమీ కాలేదు.

గర్భిణికి, బాలింతకు గడ్డ భయం మాలా-ఎన్ వాడేవారి కంటే ఎక్కువ. కాబట్టి భయపడి మాత్ర మానకండి. అడిగి వాడండి.

బి.పి. ఉన్నవారు, కొత్త బాలింతలు, 35 ఏళ్లు దాటి చుట్ట, బీడీ తాగేవారు, ఇంట్లో ఎవరికైనా గడ్డ కట్టినవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో నొప్పి వస్తే 108కి ఫోను చేయాలి.

చెప్పండి

1. నెత్తురు ఎప్పుడు గడ్డ కట్టాలి? ఎక్కడ కట్టకూడదు?
2. నర్సమ్మ ఇల్లాలిని ఏమని అడిగింది? ఎందుకు?
3. మీ ఊళ్లో ఇలాంటి మాత్రలు ఎవరిని అడిగి వాడుతున్నారు?