పురిటికి వెళ్ళే తల్లితో మందులూ వెళ్ళాలి



సీమంతం చేసి, అమ్మాయిని తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్ళడం మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఆనవాయితీ. హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి ఈ ప్రయాణమే పెద్ద దిగులు. భర్తకు తెలుసు, కన్నతల్లికి తెలియదు. మాత్రలు ఎక్కడ దాచాలి? ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? ఈ భయంతో మాత్రలు అత్తగారింట్లోనే వదిలి వెళ్ళే తల్లులున్నారు. నొప్పులకన్నా ఈ భయమే ఎక్కువ బాధించిందని చెప్పే తల్లులూ ఉన్నారు. వారి కోసం, వారి ఇంటివారి కోసం ఈ పాఠం.

బిడ్డకు ఎప్పుడు సోకుతుంది?

కడుపులో ఉండగా, కాన్పు సమయంలో, పాలు తాగే కాలంలో సోకవచ్చు. ఏ చికిత్సా లేకపోతే నూరుమంది బిడ్డల్లో 15 నుండి 45 మందికి సోకుతుంది. తల్లీబిడ్డలు మందులు సక్రమంగా వాడితే 5 మందికన్నా తక్కువే. 2002లో మన దేశంలో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు నొప్పుల వేళ తల్లికి ఒక నెవిరాపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక మోతాదు సిరప్ మాత్రమే ఇచ్చేవారు. 2014 నుండి ప్రతి గర్భిణికీ జీవితాంతం ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తున్నారు. మధ్యలో మానితే అణిగిన వైరస్ మళ్ళీ పెరుగుతుంది.

పుట్టింటికి బయలుదేరే ముందు

1. ఎ.ఆర్.టి. కేంద్రంలో కౌన్సెలర్‌కు ముందుగా చెప్పండి. సరిపడా మాత్రలు, మందుల పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. పుట్టిల్లు తిరుపతి దగ్గరైతే రుయా ఆసుపత్రిలోని కేంద్రానికి ఉత్తరం రాయించుకోవచ్చు.

2. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. ఏ ఆసుపత్రో ముందే నిర్ణయించుకొని, అక్కడి డాక్టరుకు విషయం చెప్పండి. హెచ్.ఐ.వి. ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కరలేదు. వైరస్ అణిగి ఉండి, వేరే ఇబ్బంది లేకపోతే మామూలు కాన్పు కావచ్చు.

3. మీరు నమ్మే ఒక్క మనిషికైనా ఇంట్లో చెప్పుకోండి. ఎవరికి చెప్పాలో నిర్ణయించేది మీరే.

బిడ్డ పుట్టిన తరువాత

బిడ్డకు కనీసం 6 వారాలు డాక్టరు చెప్పిన సిరప్ పట్టాలి. 6వ వారంలో మొదటి పరీక్ష, ఆ తరువాత 6, 12 నెలలకు మళ్ళీ పరీక్ష. 18 నెలలకు చివరి పరీక్ష. అప్పటికీ పాలు తాగుతుంటే, మాన్పించిన 3 నెలలకు. అంతవరకు ఫలితం తేలినట్టు కాదు.

మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వండి. అవ్వలు ప్రేమతో పట్టే చక్కెర నీళ్ళు, తేనె, గాడిద పాలు, వస వద్దు. అవి పసిబిడ్డ పేగు పొరను దెబ్బతీస్తాయి. వైరస్‌కు దారి దొరుకుతుంది. తల్లి మాత్రలు మానకుండా పాలివ్వాలి.

ఇంటివారికి ఒక మాట

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, ఈ జబ్బు ఉందని వైద్యం నిరాకరించకూడదు. ఆమె సమ్మతి లేకుండా ఆసుపత్రివారు నలుగురికీ చెప్పకూడదు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

బాలింత కంచం, గ్లాసు, పడక వేరు చేయకండి. వాటివల్ల ఈ జబ్బు అంటదు. రాత్రి మాత్ర వేళకు "వేసుకున్నావా అమ్మా?" అని అడిగి, మంచినీళ్ళు అందించే మనిషి ఇంట్లో ఒక్కరుంటే చాలు, ఆమె మాత్రలు దాచుకోనక్కరలేదు. బిడ్డను కాపాడడంలో ఆ మనిషికీ భాగముంటుంది.