రెండు మాత్రలు ఎందుకు?

కె.సి. కాలువ మీకు తెలుసు. నంద్యాల, ఆళ్ళగడ్డ పొలాలకు నీళ్ళిచ్చే కాలువ. నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుంది? కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట గండి పడుతుంది.

మన ఒంట్లో రక్తం కూడా అట్లే నాళాల్లో పారుతుంది. రక్తం ఆ నాళాల గోడలను నెట్టే బలమే రక్తపోటు. దీన్నే మనం బీపీ అంటాం. బీపీ చూస్తే రెండు అంకెలు చెబుతారు. అవి మళ్ళీ మళ్ళీ 140/90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే బీపీ ఉన్నట్టు. చాలామందికి నొప్పి ఉండదు. తల తిరగదు. అదే చిక్కు. తెలియకుండానే గుండె, మూత్రపిండాలు చెడతాయి. మెదడులో నాళం పగిలినా, పూడినా పక్షవాతం వస్తుంది.

ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో ఒక అక్క ఉందనుకుందాం. కలుపు కూలికి పోతుంది. ఆమెకు 160/100 వచ్చింది. నెల రోజులు ఒక మాత్ర వాడింది. బీపీ 150/94కు దిగి అక్కడే ఆగింది. డాక్టరు ఇంకో మందు కలిపి రాసినాడు. అక్కకు గుబులు పుట్టింది.

"రోగం ముదిరిందేమో నర్సమ్మా! రెండు మాత్రలు ఇచ్చినారు."

"ముదరలేదక్కా. కాలువలో నీళ్ళు ఎక్కువైతే ఏం చేస్తారు?"

"తూము ఎత్తుతారు. పూడిక తీసి కాలువ వెడల్పు చేస్తారు."

"మందులూ అంతే. ఆమ్లోడిపిన్ నాళాలను వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్, నాళాలను బిగించే పదార్థాన్ని అడ్డుకుంటుంది. క్లోర్‌థాలిడోన్ ఉప్పునూ నీళ్ళనూ మూత్రంలో పంపుతుంది. అది తూము ఎత్తడం."

"ఒకటే మందు రెండింతలు వేసుకుంటే పోదా?"

"బీపీ ఇంకొంచెమే దిగుతుంది. ఆమ్లోడిపిన్ ఎక్కువైతే కాళ్ళు వాస్తాయి. రెండు మందులు తక్కువ మోతాదులో కలిస్తే బీపీ బాగా దిగుతుంది. టెల్మిసార్టాన్ తోడుంటే ఆ వాపు కూడా తక్కువ."

రెండు మందులు కలిపిన ఒకే మాత్ర కూడా ఉంది. మరిచిపోయే బాధ తక్కువ. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మాత్రలను ముఖ్యమైన మందుల జాబితాలో చేర్చింది. అది దొరక్కపోతే విడిగా రెండు వేసుకున్నా పని అదే.

నాలుగు నెలలకు అక్క బీపీ 128/80 అయింది. "తగ్గింది కదా, ఇంకెందుకు?" అని పొరుగామె అన్నది. మందు పని చేస్తోంది కాబట్టే తగ్గింది. ఆపితే మళ్ళీ ఎక్కుతుంది. ఎవరి మాత్ర వారిదే, పొరుగామెది అడిగి వేసుకోకూడదు. గర్భిణులకు టెల్మిసార్టాన్ పనికిరాదు, కడుపులో బిడ్డకు చేటు. నెల తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కూలి నుంచి వచ్చి ఒళ్ళునొప్పులకు అంగట్లో మాత్ర కొని మింగే అలవాటు మనలో చాలామందికి ఉంది. వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి. అక్క ఆ సంగతి నర్సమ్మకు చెప్పనే లేదు! ఉప్పు కూడా అంతే. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు చాలు. ఊరగాయలో ఉప్పు కూడా అందులో లెక్కే.

చదవండి, చెప్పండి

మాత్రల అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మనం చదవగలం. మీ ఇంట్లో అట్ట తీయండి. మందు మోతాదు ఎంత? ఏ నెల, ఏ సంవత్సరం వరకు వాడవచ్చు?

మీ బీపీ అంకెలు, చూపించుకున్న తేదీ పలక మీద రాయండి.