నేర్చుకుంటూనే రాయవచ్చా?

ప్రశ్న: రిటైరయ్యాక శాసనాలు చదవడం నేర్చుకుంటున్నాను. మా ఊరి గుడిలో ఉన్న కాకతీయుల నాటి శాసనం గురించి పత్రికకు రాయాలని ఉంది. ఇంకా పూర్తిగా పట్టుబడని విషయం మీద రాయడం తప్పాండీ?

జవాబు: తప్పేమీ కాదు, తప్పకుండా రాయండి. చదివేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. రాయడానికి కూర్చుంటే గానీ ఎక్కడ అర్థం కాలేదో బయటపడదు. పైగా ఏ అక్షరం దగ్గర తడబడ్డారో మీకింకా గుర్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కావలసింది అదే.

తేదీనే తీసుకోండి. కొన్ని శాసనాల్లో శక సంవత్సరాన్ని అంకెల్లో కాక మాటల్లో చెబుతారు. నేత్ర అంటే 2, బాణ 5, చంద్ర, ఇందు ఒక్కొక్కటి 1. 'నేత్ర బాణ చంద్రేందు' అని ఉందనుకోండి, అంకెలను చివరి నుంచి వెనక్కి పేర్చాలి: శక 1152. దానికి 78 కలిపితే క్రీ.శ. 1230, అంటే గణపతిదేవుని కాలం. ఫలితం ఒక్కటే చెప్పి ఊరుకోకుండా లెక్కంతా చూపించండి. పొరపాటుంటే తెలిసినవారు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.

రాతి మీద కనబడింది, ఇదివరకు అచ్చయిన పాఠంలో ఉన్నది, మీ ఊహ. ఈ మూడూ కలగలిసిపోకూడదు. నేను గట్టిగా పట్టుబట్టేది దీని మీదే. అరిగిపోయిన అక్షరాన్ని అరిగిందనే రాయండి. పురావస్తు శాఖ ప్రచురించిన శాసన సంపుటాల్లో మీ ఊరి శాసనం ఉంటే పోల్చి చూడండి.

అన్నట్టు, అక్షరాలు తేలాలని సుద్దో నూనో పూయకండి, రాయి పాడవుతుంది. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండ పడేటప్పుడు ఫోటో తీయండి.