చెరువు లెక్కలో పక్షులు

గ్రామపంచాయతీ సమావేశమున చెరువు ప్రస్తావన వచ్చినపుడు తూము, అలుగు, పూడిక, చేపల వేలము అను మాటలు వినబడును. పక్షి మాట వినబడదు. ఇది తప్పని మేమనము. పంట ముందు, పక్షి తరువాత. అయినను చెరువు పనులు ఏ నెలలో జరుగవలెనో, ఎంత లోతు త్రవ్వవలెనో తీర్మానించుటలో మీ మాట చెల్లును. ఆ తీర్మానములోనే, మీరెరుగకుండగనే, ఆ చెరువుపై ఏ పక్షి నిలుచునో, ఏది తరలిపోవునో కూడ తేలిపోవుచున్నది. ఆ సంగతిని తెలియజేయుటకే ఈ పాఠము.

నల్లగొండ, మహబూబునగరములు మెట్టసీమలు. 2016లో ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినను నేల స్వభావము మారలేదు. వాన తక్కువ, రాయి ఎక్కువ. అందుచేతనే మన పూర్వులు వాగు పారిన చోటనెల్ల కట్ట వేసిరి. నల్లగొండ చెంతనున్న పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడుల నాటి చెరువు. నేడు కాలువ నీరు చేరుటవలన అది పెద్ద జలాశయమైనది. చిన్న గొలుసుకట్టు చెరువులు మాత్రము వానపైననే ఆధారపడియున్నవి.

ఈ సీమ పక్షులను శాస్త్రీయముగా పరిశీలించినవారిలో సాలిం అలీ గారు ముఖ్యులు. 1931-32లో వారు నిజాము రాజ్యమున పక్షుల సర్వే జరుపుచు, నాటి మహబూబునగరము జిల్లాలోని మన్ననూరు, ఫర్హాబాదు అడవులలో విడిది చేసిరి. ఆ రోజులలో పక్షిని తుపాకితో కొట్టి, చర్మమును భద్రపరచి, గుర్తించుట ఆచారము. నేడు ఆ పనిని కెమెరా చేయుచున్నది. పక్షి బ్రతికియుండగనే సాక్ష్యము లభించుచున్నది.

ఇక పక్షుల సంవత్సరమును చూతము. మృగశిర కార్తెతో తొలకరి పడగనే గిజిగాడు బావిపై వంగిన ఈతచెట్టుకు గూడు అల్లును. చెరువు నిండిన పిదప తామరాకులపై నడచు పొడవుతోక నీటిపిట్ట అచ్చటనే గ్రుడ్లు పెట్టును. వీనిని పొదిగి పిల్లలను సాకునది మగపక్షి. ఈ సంగతి ఒక సభలో చెప్పినపుడు మహిళా సభ్యులు చాలసేపు నవ్విరి. నీటిలో నిలిచిన తుమ్మచెట్లపై నీటికాకులు, తెల్లకొంగలు గుంపుగా గూళ్లు కట్టును. దీపావళి ప్రాంతమున ఉత్తర దేశముల బాతులు దిగును. వానిలో తలపై రెండు నల్లచారలు గల పెద్దబాతు మంగోలియా, టిబెట్టు సరస్సులనుండి హిమాలయములు దాటి వచ్చును. పరికరములు అమర్చి పరిశీలించినపుడు అది 7,000 మీటర్లకు పైయెత్తున ఎగిరినట్లు తేలినది. పగలు నీటిపై విశ్రమించి సాయంకాలమున పొలములపై మేయును. పైరు మేసినదను రైతు మొర వట్టిదికాదు. దానిని పంచాయతీ వినవలెను.

మార్చి నాటికి ఈ అతిథులు వెడలిపోవుదురు. అప్పటినుండి చెరువు ఎండుచుండును. ఎండిన చెరువు పనికిరానిదని తలచుట పొరపాటు. మడుగులలో చేపలు చిక్కుకొనగా కొంగలు అచ్చట చేరును. బీటలువారిన నేలపై తీతువు గులకరాళ్లవంటి నాలుగు గ్రుడ్లు పెట్టును. పూడికతీత ట్రాక్టరు దిగునది సరిగా ఆ నెలలలోనే. మేము చూచిన ఒక గ్రామమున ఒక్క ఉదయమున మూడు గూళ్లు చక్రముల క్రింద నలిగినవి. తోలినవానికి అచ్చట గ్రుడ్లున్నట్లే తెలియదు. తీతువు అరచుచు తలపై తిరిగిన చోట నాలుగు మూలల కర్రలు పాతించి, నాలుగు వారములు ఆ పది అడుగులు విడిచిన చాలును. పూడికమట్టి పొలమునకు బలము. పని ఆపుమని మేము చెప్పుట లేదు.

లోతు విషయము ఇంతకన్న ముఖ్యము. పక్షి కాలి పొడవే దాని మేతస్థలమును నిర్ణయించును. ఉల్లంకి అంగుళము నీటిలో, కొంగ జానెడు నీటిలో మేయును. మునిగి చేప పట్టు నీటికాకికి మాత్రమే లోతు కావలెను. చెరువును బావివలె నిట్టనిలువుగా త్రవ్వినచో నీటికాకి మిగులును, తక్కినవి పోవును. కావున మట్టిని మధ్యభాగమున తీసి, శిఖము వైపు వాలును అట్లే ఉంచవలెను. ఇందులకు అదనపు ఖర్చేమియు లేదు.

తమిళనాడులోని వేదంతాంగల్ గ్రామస్థులు 1798లోనే తమ చెరువు పక్షులను వేటాడరాదని కలెక్టరు వలన అనుమతిపత్రము పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరుకు ఎరువని వారెరుగుదురు. గుంటూరు చెంత ఉప్పలపాడు చెరువులోను గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గ్రామస్థుల నడుమనే గూళ్లు కట్టుచున్నవి. మనకిపుడు చట్టపు అండయు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులకు వల పన్నుట, గ్రుడ్లు తీయుట నేరము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య నిర్వహణ సమితి ఉండవలెననియు, ప్రజా జీవవైవిధ్య పట్టిక వ్రాయవలెననియు నిర్దేశించినది. పలుచోట్ల ఆ పట్టిక బీరువాలో నిద్రించుచున్నదని మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ పట్టికకు ఫొటో మంచి ఆధారము. ఊరి యువకుల సెల్‌ఫోను చాలును. దూరపు పక్షికి దుర్భిణి కంటిభాగమునకు ఫోను ఆనించి తీయవచ్చును. సూర్యుడు వెనుకనుండునట్లు ఉదయముననే కట్టచాటున కూర్చుండవలెను. పక్షిని లేపి ఎగురుచుండగా తీయుట, గూటివద్ద ఫ్లాషు వెలిగించుట తగదు. తల్లి లేచిన కొద్ది నిమిషములలోనే ఎండకు గ్రుడ్డు చెడును, కాకి తన్నుకొనిపోవును. పట్టణమునుండి పెద్ద కెమెరాలతో వచ్చువారికిని ఇదే నియమము. వారిని ఆదరింపుడు, కాని గూళ్లున్న తుమ్మచెట్లవరకు తెప్పపై కొనిపోకుడు.

1987లో ప్రారంభమైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగును. ఆ నెలలో ఒక ఉదయము బడి ఉపాధ్యాయుని, మత్స్యకార సంఘము పెద్దను, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని కట్టపై నడువుడు. పక్షి పేరు తెలియనిచో ఫొటో తీసి, ఊరివారు పిలుచు పేరే వ్రాయుడు. తేదీ, చెరువు పేరు, నీటిమట్టము మరువకుడు. మరల ఏప్రిలులో, ఆగస్టులో అదే చోట నిలిచి లెక్కింపుడు.