కంప్యూటర్‌కు అప్‌డేట్ ఎందుకు?



పోయిన నెలలో మన కంప్యూటర్ గదిలో మూడో నంబరు కంప్యూటర్ పాడైపోయింది. పదో తరగతి అక్కలు అందులో టైపు చేసుకున్న సైన్సు ప్రాజెక్టు మొత్తం పోయింది. ఎవరు చేశారో ఎవరికీ తెలియలేదు. అది చేసింది నేనే. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు పోయి సార్‌తో చెప్పేశాను. సార్ తిట్టలేదు. "నువ్వు చేసిన తప్పేమిటో పూర్తిగా తెలుసుకొని, అందరికీ అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. అందుకే ఈ పాఠం.

జరిగింది ఇది. సాయంత్రం భోజనం బెల్లు కొట్టారు. కంప్యూటర్ ఆపుదామంటే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని ఇంగ్లీషులో ఉంది. 30 శాతం దగ్గరే చాలాసేపు ఆగింది. లైనులో వెనకబడతానని గోడ స్విచ్ తీసేశాను. మర్నాడు అది తెరుచుకోలేదు. సార్ రెండు రోజులు కూర్చొని అంతా మళ్ళీ కొత్తగా ఎక్కించారు. అప్పుడే అక్కల ఫైళ్ళు పోయాయి.

ఆపరేటింగ్ సిస్టం అనగా ఏమి?

హాస్టల్‌కు వార్డెన్ మేడమ్ ఎలాగో కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టం అలాగ. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు తెరవవచ్చు, ప్రింటరు ముందు ఎవరికి, ఇవన్నీ అదే చూస్తుంది. విండోస్, లినక్స్, ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్ ఇటువంటివే. వీటిని రాసేది మనుషులే కనుక వీటిలో తప్పులు ఉంటాయి. కొన్ని తప్పుల గుండా దొంగలు లోపలికి రావచ్చు. ఆ తప్పును సరిచేసి పంపే దానినే సెక్యూరిటీ అప్‌డేట్ అంటారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ప్రతి నెలా రెండవ మంగళవారం వీటిని పంపుతారు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి మా అమ్మకు కోయలో చెప్పబోయాను. కంప్యూటర్‌కు ఏ మాట వాడాలో నాకు తెలియలేదు. అప్పుడు మా జొన్నచేను కంచె చూపించాను. కంచెలో కంత పడితే అడవిపంది దూరుతుంది, ఆ కంత కట్టడమే అప్‌డేట్ అన్నాను. అమ్మ వెంటనే అడిగింది, "కంత ఎప్పుడు చూశారు? ఎప్పుడు కట్టారు?" అని. ఈ పాఠంలో అసలు ప్రశ్న అదే.

59 రోజులు

విండోస్‌లో ఒక కంత ఉండేది. ఒక నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే చోట అది ఉంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ దాన్ని మూసే అప్‌డేట్ పంపింది. చాలామంది "తర్వాత చేద్దాం" అని వదిలేశారు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ఆ కంతలో నుంచే దూరింది. మధ్యలో 59 రోజులు ఉన్నాయి!

ఎవరూ ఏమీ నొక్కకపోయినా అది ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు పాకింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమని తెర మీద చూపించింది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే 236 ట్రస్టుల్లో కనీసం 81 ఇబ్బంది పడ్డాయి. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, కొన్నిచోట్ల అంబులెన్సులను వేరే ఆసుపత్రికి తిప్పి పంపారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు కంప్యూటర్లకు సోకింది.

మార్కస్ హచిన్స్ అనే ఇంగ్లండు యువకుడు ఆ వైరస్‌ను పరిశీలించాడు. అది ముందుగా ఇంటర్నెట్‌లో ఒక చిరునామాను పిలుస్తోంది. ఆ చిరునామా ఎవరి పేరునా లేదు. అతడు సుమారు 10 డాలర్లు కట్టి దాన్ని తన పేరున నమోదు చేశాడు. చిరునామా జవాబు ఇవ్వగానే వైరస్ పాకడం ఆగింది. కానీ అప్పటికే తాళం పడిన ఫైళ్ళు అలాగే ఉండిపోయాయి. వేరే చోట నకలు దాచుకున్నవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

కనిపించని పనులు

కంత కట్టినా మా అయ్య రాత్రిపూట మంచె మీద కావలి ఉంటాడు. మనం నిద్రపోతాం, ఆయన మేలుకుంటాడు. కంప్యూటర్‌లో కూడా ఇలా మనకు కనబడకుండా నడిచే పనులు ఉంటాయి. వీటిని బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు అంటారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మేము ఒక్క ప్రోగ్రామూ తెరవకుండా చూస్తే వందకు పైగా కనిపించాయి. వైరస్‌ను వెతికేది ఒకటి, అప్‌డేట్ దించేది ఒకటి, గడియారం సరిచేసేది ఒకటి. కంప్యూటర్ ఒక్కోసారి నెమ్మదిగా నడవడానికి ఇవి కూడా కారణం. అంతమాత్రాన పేరు తెలియనిదల్లా ఆపేయకూడదు. అలాగని అన్నిటినీ నమ్మకూడదు కూడా. మంచి పేరు పెట్టుకొని వైరస్ కూడా అక్కడే దాక్కోవచ్చు. అనుమానం వస్తే సార్‌ను పిలవాలి.

గుర్తుంచుకోవలసినవి

1. అప్‌డేట్ వచ్చిందంటే "తర్వాత" అని రోజూ నెట్టవద్దు.
2. అప్‌డేట్ మధ్యలో స్విచ్ తీయవద్దు. మన ఊరి కరెంటు సంగతి తెలుసు కదా, యూపీఎస్ నిండుగా ఉందో లేదో చూసి మొదలుపెట్టాలి.
3. బయటి పెన్‌డ్రైవ్ పెడితే ముందు వైరస్ తనిఖీ చేయాలి.
4. ముఖ్యమైన ఫైలుకు ఇంకొక చోట నకలు ఉండాలి.
5. పాత విండోస్‌లకు అప్‌డేట్లు ఆగిపోతాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి. విడిగా నమోదు చేసుకున్న వాటికే ఇంకొంత కాలం వస్తాయి. మన గదిలో ఏది ఉందో సార్‌ను అడిగి తెలుసుకుందాం.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని పెద్దలు అంటారు. నేను చేసింది అంతకంటే తప్పు. బావి తవ్వుతున్నవాళ్ళ చేతిలో గడ్డపార లాగేసుకున్నాను.

పదో తరగతి అక్కలారా, మీ ప్రాజెక్టు చేతిరాత కాగితాలు సార్ దగ్గర నుండి తీసుకున్నాను. 11 పేజీల్లో 4 టైపు చేశాను. మిగతావి వచ్చే ఆదివారాల్లో పూర్తి చేసి, పెన్‌డ్రైవ్‌లో ఇంకొక నకలు కూడా పెట్టి ఇస్తాను. నన్ను క్షమించండి.

— 9వ తరగతి విద్యార్థిని