బెయిలు వచ్చింది, షూరిటీ దొరకలేదు

చిరంజీవి మనవరాలికి,

సినిమా హీరోకి గంటల్లో దొరికే బెయిలు కూలివాడికి నెలలు గడిచినా ఎందుకు దొరకదని అడిగావు. లా కాలేజీలో చేరీ చేరగానే ఈ ప్రశ్న పుట్టినందుకు సంతోషం. కాకపోతే నీ కోపంలో సగం గురి తప్పింది. హీరోకి బెయిలు రావడం తప్పు కాదు తల్లీ. నేరం రుజువు కాని మనిషిని అవసరం లేకుండా లోపల ఉంచకూడదనేది చట్టం. ఆయన దగ్గర ఆ చట్టం పనిచేసింది. మిగతావాళ్ల దగ్గర పనిచేయడం లేదు. గొడవంతా అక్కడే.

నువ్వు రాసిన కేసే తీసుకుందాం. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో 2024 డిసెంబరు 13న, శుక్రవారం, హీరో అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు 14 రోజుల రిమాండు వేసింది. అదే సాయంత్రం హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. విడుదల మాత్రం ఆ రాత్రికి కాలేదు. చంచల్‌గూడ జైల్లో ఉండి శనివారం ఉదయం బయటికొచ్చారు. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, నేను దాని జోలికి పోను. నువ్వు చూడాల్సింది ఆ మధ్యాహ్నాన్ని. ఇక్కడ రిమాండు మీద వాదన జరిగిన పూటే అక్కడ హైకోర్టులో ఆయన పిటిషన్ మీద వాదనలు నడిచాయి. రెండు కోర్టుల్లో లాయర్లు సిద్ధంగా ఉన్నారు. డబ్బు కొనేది తీర్పునే అనుకుంటారు జనం. అలాంటి అమ్మకాలు లేవని నేననను. కానీ రోజూ జరిగేది ఇంకొకటి: డబ్బు వేగాన్ని కొంటుంది. అది నేరం కాదు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు.

పేరు చేసే పని వేరు. ఆ ఒక్క రాత్రి జైలు గురించి టీవీల్లో ఎంత చర్చ నడిచిందో నీకూ గుర్తుండే ఉంటుంది. తొక్కిసలాటలో ప్రాణం పోగొట్టుకున్న తల్లి ఊసు మధ్యలో ఎక్కడో జారిపోయింది. పేరున్నవాడు కేసులోకి రాగానే కథంతా అతని చుట్టూ తిరుగుతుంది, నష్టపోయినవాళ్లు పక్కపాత్రలైపోతారు. అన్నట్టు, పేరు ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకు. పదిమందికీ చూపించుకోవడానికి పేరున్నవాణ్ని అరెస్టు చేసే సందర్భాలూ ఉంటాయి.

ఇప్పుడు నువ్వడిగిన కూలివాడి సంగతి. సెల్‌ఫోను దొంగతనం కేసులో ఒక భవన కార్మికుడు దొరికాడనుకో. సాయంత్రం మెజిస్ట్రేటు ముందు పెడతారు. న్యాయసహాయం కింద వచ్చిన లాయరు ఆ కాగితాలు అప్పుడే మొదటిసారి చూస్తుంటాడు. కొన్నాళ్లకు బెయిలు వస్తుంది, ఇద్దరు షూరిటీలు పెట్టమంటారు. అసలు కష్టం అక్కడ మొదలు. షూరిటీ ఇచ్చేవాడికి సొంత ఇల్లో పొలమో ఉండాలి. ఇంటిపన్ను రసీదు తేవాలి, ఆధార్ తేవాలి, దాని విలువకు రెవెన్యూ ఆఫీసు నుంచి కాగితం తేవాలి. ఆ రోజు కూలి వదులుకుని కోర్టులో కూర్చోవాలి. అద్దె గదిలో ఉండే వలస కూలీకి అలాంటి చుట్టం ఈ ఊళ్లో ఎవరున్నారు? బెయిలు ఆర్డరు ఫైల్లో ఉంటుంది, మనిషి లోపల ఉంటాడు. నేను పనిచేసిన కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని షూరిటీగా నిలబడేవాళ్లు కూడా ఉండేవారు. అందరికీ తెలిసిన ముఖాలే. లేనివాడు ఆ కిరాయికీ అప్పు చేయాల్సి వచ్చేది.

ఇది కొత్త సంగతేం కాదు. 1978లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మోతీరాం కేసు చదువు. మధ్యప్రదేశ్‌లో తాపీ పనివాడు. సుప్రీంకోర్టే బెయిలిమ్మంటే కింది మెజిస్ట్రేటు పదివేల రూపాయలకు షూరిటీ అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. దక్షిణాది మనిషి ఎక్కడో ఉత్తరాన కేసులో ఇరుక్కుంటే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ని ఎక్కడ తెస్తాడని నిలదీశారు. చివరికి వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా, స్థానిక షూరిటీయే కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే ఈ అలవాటు ఎంత పాతుకుపోయిందో చూడు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అందరూ నిరపరాధులని కాదు, ఎవరి నేరమూ ఇంకా తేలలేదని.

డబ్బు పని బెయిలుతో ఆగదు. విచారణ సాగేకొద్దీ అది సాక్షుల వైపు నడుస్తుంది. 1999లో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు చనిపోయారు. 2007లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరా పెడితే, ఆ కేసులో ప్రభుత్వం తరఫు లాయరూ ముద్దాయి తరఫు లాయరూ ఇద్దరూ కీలక సాక్షితో మంతనాలాడుతూ దొరికిపోయారు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు ఇద్దరినీ కోర్టు ధిక్కారం కింద దోషులుగా తేల్చింది. కెమెరా లేకపోతే? ఏళ్లు సాగే కేసులో సాక్షికి పెళ్లాంపిల్లలుంటారు, అప్పులుంటాయి, భయాలుంటాయి. వాయిదాలు భరించే శక్తి ఎవరికుంటే కాలం వాళ్ల పక్షం.

కోపం సరే, పనికొచ్చే సంగతులు కూడా తెలుసుకో. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 479వ సెక్షన్ బాగా చదువు. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే ఉంటే వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. అర్హత వచ్చిన వెంటనే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. బెయిలొచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని కూడా సుప్రీంకోర్టు 2023 ఉత్తర్వులో ఉంది.

లా విద్యార్థులను ఆ సంస్థ పారా లీగల్ వాలంటీర్లుగా తీసుకుంటుంది. సెలవుల్లో చేరు. ఏడు రోజులు దాటినవాళ్ల జాబితా జైలు నుంచి వచ్చిందా అని అడుగు. వస్తే, ఒక్కొక్కరికి ఎంత మొత్తానికి షూరిటీ అడిగారో, వాళ్లు చేసే పనేమిటో పక్కపక్కన రాసుకో. షరతు తగ్గించమని పిటిషన్ వేయాల్సినవి అందులోనే కనిపిస్తాయి. మొదటిది రాసి నాకు పంపు, తప్పులు దిద్ది పంపుతాను.

మీ తాతయ్య