పగడమునకుఁ గావలి పీత

పగడము రాయియని పలువురు తలంతురు, అది ప్రాణి. హిందూ, పసిఫిక్ మహాసముద్రములలో దాని కొమ్మల సందున ట్రపీజియా యను చిన్న పీతలు జంటగాఁ గాపురముండి, పగడము స్రవించు జిగురును తినుచు, పైఁబడిన మట్టిని తుడిచివేయును. ముళ్లకిరీటపు నక్షత్రచేప పగడమును దిన వచ్చినచో, అంగుళమైనను లేని యీ పీత దాని పాదములను గిల్లి తఱుమును! గాజుతొట్టిలోఁ బగడములను బెంచువారిలోఁ గొందఱు, కొమ్మలలో దాఁగివచ్చిన యీ పీతను పురుగని పాఱవేయుదురు; కావలివానిని వెడలఁగొట్టుటయే యది.

అయితే అన్ని పీతలును నిట్టివి కావు. పచ్చపీత బుడగనాచును దినును గాని, నాచు తఱిగి యాకలిగొన్నచోఁ బగడమునే గిల్లును. శంఖమున దాఁగు మెత్తని పీత, ఎదిగినకొలఁది పెద్ద శంఖము దొరకకున్న, నత్తను జంపి గూడు దోఁచుకొనును. కావున తొట్టిలో వట్టి శంఖములు కొన్ని యుంచవలయును. మన దేశమున రాతిపగడములు 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితములు. వానిని కడలినుండి యింటికిఁ దేరాదు.